ఒక్క బేరగాడినే నమ్ముకుంటే

(2024 ఆగస్టు 25, ఆదివారం సాయంత్రం కందుకూరులో 'కొత్త ప్రభుత్వం ముందున్న విదేశాంగ, భద్రతా సవాళ్లు' అనే అంశం మీద ఒక విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకీ, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకీ. బాబూ, ఇక్కడ నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

విదేశాంగ విధానం గురించి కందుకూరులో మాట్లాడమని అడిగినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఢిల్లీ నుంచి మొదలుపెడితే అది మీరు రోజూ టీవీలో వినేదే. అందుకని మా నాన్న పొగాకు నుంచి మొదలుపెడతాను.

అది 1992. మాకు ఒక బ్యారన్, అంటే పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం, ఉండేది. ఆ ఏడు ఆకు బాగా వచ్చింది. క్యూరింగ్ జరిగినన్నాళ్లూ మా నాన్న రాత్రిళ్లు బ్యారన్ దగ్గరే మంచం వేసుకుని, గంటకోసారి లేచి, కిటికీలోంచి లైటు వేసి థర్మామీటర్ చూసేవాడు. మంట ఒక్క పిసరు ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే పచ్చ తిరుగుతుంది. ఆ ఏడు ఆకు నిమ్మపండు రంగు తేలింది. గ్రేడ్ చేసి, బేళ్లు కట్టి, ట్రాక్టర్ మీద వేలం కేంద్రానికి తోలుకెళ్లాం. బేళ్లు వరసగా పెట్టారు. బయ్యర్లు వరస వెంట నడుచుకుంటూ వస్తున్నారు. మా బేలు దగ్గర ఒకాయన ఆగాడు. చెయ్యి లోపలికి పెట్టి ఆకు లాగాడు, వెలుతురుకి పట్టి చూశాడు, వాసన చూశాడు. మళ్లీ లోపల పెట్టేసి ముందుకెళ్లిపోయాడు. చీటీ మీద 'నోబిడ్' అని రాశారు. మళ్లీ ట్రాక్టర్, మళ్లీ ఇల్లు. అలా మూడుసార్లు తిరిగాం. మూడోసారి మా నాన్న అక్కడున్న గుమాస్తాని అడిగాడు, "ఆకులో తప్పేంటయ్యా?" అని. "ఆకులో తప్పేం లేదు పెద్దాయనా, రష్యా వాళ్లు కొనడం లేదు" అన్నాడు ఆయన.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ ముక్కలైంది. అంతకుముందు మన పొగాకుకి వాళ్లే పెద్ద గిరాకీ. రూపాయి-రూబుల్ ఏర్పాటు కింద మన టీ, పొగాకు వాళ్లు తీసుకునేవాళ్లు, వాళ్ల ఆయుధాలు, యంత్రాలు మనం తెచ్చుకునేవాళ్లం. మాస్కోలో ఒక జెండా దిగింది, ఇక్కడ మా ఇంట్లో చెల్లెలి పెళ్లి ఒక ఏడాది వెనక్కి పోయింది. నేను అప్పటికే కాలేజీలో అంతర్జాతీయ సంబంధాలు చెబుతున్నాను. అయినా ఆ పాఠం నాకు ఎక్కింది మాత్రం ఆ వేలం కేంద్రంలోనే.

మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలకి ఇది కొత్త కథ కూడా కాదు. పాత నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం అభ్రకం గనులు గుర్తుచేసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకీ, విమానాల స్పార్క్ ప్లగ్గులకీ అభ్రకం లేనిదే పని జరిగేది కాదు. యుద్ధం అయిపోయాక ఆ గిరాకీ తగ్గింది, దాని బదులు వేరే పదార్థాలు వచ్చాయి, మిగిలిన పెద్ద కొనుగోలుదారు సోవియట్ యూనియన్ అయింది, అదీ పోయింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ సంగతి చూడండి. నల్లరాయి మీద బంగారు పొడి చల్లినట్టు మెరుపు. ప్రపంచంలో ఇంకెక్కడా అలాంటి రాయి లేదని గర్వంగా చెప్పుకుంటాం. చైనా బేరగాళ్లు వచ్చి, దిమ్మె మీద నీళ్లు పోయించి, చుక్కలు సమంగా ఉన్నాయా, చార ఏదైనా ఉందా అని చేత్తో తడిమి చూసి, నచ్చినవాటి మీద గుర్తు వేసి వెళ్లేవాళ్లు. 2020 మొదట్లో కోవిడ్‌తో చైనా తలుపులు మూసుకుంది. గుర్తు వేసే మనిషి రాలేదు. రాయి ఎంత అపురూపమైనదైనా కొనేవాడు ఒక్కడే అయితే ధర చెప్పేది వాడే.

ఈ జూన్ 9న ఢిల్లీలో ప్రమాణ స్వీకారం చేసిన ప్రభుత్వం ముందున్న సవాళ్లన్నిటినీ నేను ఈ కిటికీలోంచే చూస్తున్నాను. మన దేశం ఎక్కడెక్కడ ఒక్క చోటే బరువంతా వేసి నిలబడింది? ఆ చోటు కదిలితే ఏమవుతుంది?

ఆ రోజు సాయంత్రం రాష్ట్రపతి భవన్ ముందు కూర్చున్న అతిథులని గుర్తుచేసుకోండి. బంగ్లాదేశ్ నుంచి షేక్ హసీనా, శ్రీలంక నుంచి రణిల్ విక్రమసింఘే, మాల్దీవుల నుంచి ముయిజ్జు, నేపాల్ నుంచి ప్రచండ, భూటాన్ నుంచి తోబ్‌గే, మారిషస్ ప్రధాని, సీషెల్స్ ఉపాధ్యక్షుడు. రెండు నెలలు తిరగలేదు. ప్రచండ పదవి పోయింది. హసీనా ఆగస్టు 5న ఢాకా వదిలి మన హిండన్ ఎయిర్‌బేస్‌లో దిగింది. జూన్‌లోనే ఆమె రెండోసారి కూడా ఢిల్లీ వచ్చి వెళ్లింది. కొత్త ప్రభుత్వం వచ్చాక మన దేశానికి అధికారిక పర్యటనకి వచ్చిన మొదటి విదేశీ నేత ఆవిడే.

హసీనాతో స్నేహం తప్పు అని నేను అనను. 2009 నుంచి ఆమె పాలనలో ఈశాన్య తీవ్రవాదులకి బంగ్లాదేశ్‌లో నీడ లేకుండా పోయింది. 2015లో దశాబ్దాలుగా నలిగిన భూసరిహద్దు తగాదా తీరింది. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096 కిలోమీటర్లు, మనకున్న అన్ని సరిహద్దుల్లోకీ పొడవైనది. అది ప్రశాంతంగా ఉండటం అస్సాంలో, త్రిపురలో ఉన్నవాళ్లకి ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. కానీ మనం పదిహేనేళ్లు ఒక్క మనిషితోనే వ్యవహారం నడిపాం. అక్కడి కాలేజీ పిల్లలు రోడ్డెక్కినప్పుడు వాళ్లలో మనకి తెలిసినవాళ్లు లేరు. ప్రతిపక్షంతో మాటామంతీ లేదు. ఆవిడ మీద కోపం మన మీదకి మళ్లింది. ఇప్పుడు అక్కడ ముహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వం ఉంది. అక్కడి హిందువుల భద్రత గురించి మనం గట్టిగా మాట్లాడాలి, మాట్లాడుతున్నాం కూడా. ఆ మాట చెవికెక్కాలంటే వినేవాళ్లతో ముందే పరిచయం ఉండాలి గదా!

మాల్దీవుల్లో మాత్రం మనం బాగా నడుచుకున్నామని నా అభిప్రాయం. 'ఇండియా అవుట్' అని ప్రచారం చేసి ముయిజ్జు గెలిచాడు. మన సైనికులని మే 10 లోపు వెళ్లిపొమ్మన్నాడు. మనం గొడవపడలేదు. వాళ్ల స్థానంలో హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం నడిపే పౌర సిబ్బందిని పెట్టాం. అదే ముయిజ్జు జూన్ 9న వచ్చి కూర్చున్నాడు. ఈ నెలలోనే జైశంకర్ మాలే వెళ్లి వచ్చారు. సోషల్ మీడియాలో మనవాళ్లు కొందరు ఆ చిన్న దేశాన్ని ఎంతగా తిట్టిపోశారో మీకు తెలుసు. ఆ తిట్లు ప్రభుత్వ విధానం అయ్యుంటే ఈ రోజు ఆ ద్వీపాల్లో మన మాట వినేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

శ్రీలంక దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అది మన సముద్రం. 2022లో అక్కడ పెట్రోలు లేక, మందుల్లేక జనం అల్లాడినప్పుడు మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. అదే ఏడాది ఆగస్టులో చైనా నౌక యువాన్ వాంగ్ 5 వచ్చి హంబన్‌టోటలో ఆగింది. ఉపగ్రహాలనీ క్షిపణులనీ కనిపెట్టే నౌక అది. హంబన్‌టోట రేవుని 2017లోనే చైనా కంపెనీకి 99 ఏళ్లకి లీజుకిచ్చారు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే మనం మేడెక్కి చూస్తాం, ఆకాశంలో నిప్పుగీత కనబడితే పిల్లలకి చూపిస్తాం. ఆ రాకెట్ వివరాలు అంత దూరం నుంచి పట్టగల యంత్రాలు ఆ నౌకలో ఉన్నాయని అప్పట్లో మన నిపుణులు ఆందోళనపడ్డారు. సాయం చేశాం కాబట్టి వాళ్లు మన మాటే వింటారనుకోకూడదు. వాళ్ల మెడ మీద చైనా అప్పు ఉంది. తర్వాత మనం ఓపిగ్గా మాట్లాడుతూ వచ్చాం, ఈ జనవరి నుంచి ఏడాదిపాటు విదేశీ పరిశోధన నౌకలని రానివ్వమని శ్రీలంక ప్రకటించింది. వచ్చే నెల 21న అక్కడ అధ్యక్ష ఎన్నికలు. అనుర కుమార దిస్సనాయకే అనే వామపక్ష నాయకుణ్ణి ఫిబ్రవరిలోనే మనవాళ్లు ఢిల్లీ పిలిచి మాట్లాడారు. ఢాకాలో చెయ్యనిది కొలంబోలో చేశారు. ఎవరు గెలిచినా మనకి కొత్త ముఖం కాదు.

ఇక మనకీ శ్రీలంకకీ మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి కచ్చతీవు. మొన్న ఎన్నికల్లో తమిళనాడులో పెద్ద దుమారం లేచింది. 1974 ఒప్పందం, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని. అది సరే. అసలు గొడవ అర్థం కావాలంటే మీరు రామేశ్వరం దాకా పోనక్కర్లేదు, మన నెల్లూరు తీరంలో జువ్వలదిన్నె వెళ్లండి, ఇస్కపల్లి వెళ్లండి. మన పట్టపు కాపుల దగ్గర, అంటే మన జాలర్ల దగ్గర, కూర్చుని అడగండి. తమిళనాడు వైపు నుంచి పెద్ద ఇంజన్ల సోనాబోట్లు వచ్చి, మనవాళ్లు వేసిన వలల్ని కోసుకుంటూ, ఒడ్డుకి దగ్గరగా ఊడ్చుకుపోతున్నాయని ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నారు! ఆ కోపం నేను కళ్లారా చూశాను. తెగిన వలని ఇసుకలో పరిచి, చిరుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ఒక పెద్దాయన నోట మాట రాలేదు, వేలితో సముద్రం వైపు చూపించాడంతే. ఇప్పుడు ఆయన స్థానంలో జాఫ్నా మత్స్యకారుణ్ణి ఊహించుకోండి. వాళ్లూ తమిళం మాట్లాడేవాళ్లే. 2009లో యుద్ధం ముగిసేదాకా సముద్రంలోకి సరిగా పోలేకపోయారు. పోయే రోజు వచ్చేసరికి రామేశ్వరం ట్రాలర్లు వాళ్ల నీళ్లలో అడుగు దాకా ఊడుస్తున్నాయి. మన జాలర్లని వాళ్ల నేవీ పట్టుకెళ్లినప్పుడు మన గుండె మండుతుంది, మండాలి కూడా. ప్రాణం పోయేలా ప్రవర్తిస్తే ఊరుకోకూడదు. కానీ మన తీరంలో మనకి అన్యాయం అనిపించింది వాళ్ల తీరంలో వాళ్లకీ అన్యాయమే గదా. ట్రాలర్లు మాన్పించి, లోతు సముద్రంలో ట్యూనా పట్టే పడవలు మత్స్యకారులకి అందించే పని వేగంగా జరిగితేనే ఈ తగాదా తీరుతుంది. దీవి మాది అని ఉపన్యాసాలిస్తే తీరదు.

సరిహద్దుల సంగతి. జూన్ 9న ఢిల్లీలో ప్రమాణాలు జరుగుతున్న సాయంత్రమే జమ్మూలోని రియాసిలో యాత్రికుల బస్సు మీద కాల్పులు జరిపారు. బస్సు లోయలో పడింది. 9 మంది చనిపోయారు. జులై 8న కఠువాలో ఐదుగురు జవాన్లు, మరో వారానికి దోడాలో ఒక కెప్టెన్‌తో సహా నలుగురు. ఏళ్ల తరబడి ప్రశాంతంగా ఉన్న జమ్మూ వైపు ఇప్పుడే ఎందుకు? కారణాలు చాలా ఉంటాయి, ఒకటి మాత్రం ఆలోచించాల్సింది. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది మన సైనికులు అమరులయ్యారు, మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా. ఆ తర్వాత లడఖ్‌కి వేల మందిని పంపాల్సి వచ్చింది. అందులో కొంత బలగం జమ్మూ ప్రాంతం నుంచి తరలింది. ఖాళీ ఎక్కడుందో అవతలివాడు చూసుకున్నాడు. చైనా సమస్య వేరు, పాకిస్తాన్ సమస్య వేరు అని పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా చదువుకుంటాం. కాపలా కాసే జవాను ఒక్కడే. లడఖ్‌లోని దెప్సాంగ్‌లో, దెమ్‌చోక్‌లో ఈ రోజుకీ మనం పాత గస్తీ చోట్లకి వెళ్లలేకపోతున్నాం. చర్చలు నడుస్తున్నాయి. అది తేలనంత కాలం జమ్మూ మీద కూడా ఆ బరువు ఉంటుంది.

అదే చైనా నుంచి 2023-24లో మనం 10,000 కోట్ల డాలర్లకి పైగా సరుకు కొన్నాం. మనం అమ్మింది 1,700 కోట్ల డాలర్ల లోపు. మన మందుల కంపెనీలకి ముడి మందు అక్కడి నుంచే రావాలి, ఫోన్ల విడిభాగాలు అక్కడి నుంచే రావాలి. 2020లో యాప్‌లు నిషేధించాం, పెట్టుబడులకి గేటు పెట్టాం. మొన్న జులైలో ఆర్థిక సర్వే, సరుకు దిగుమతి చేసుకునేకంటే వాళ్ల పెట్టుబడులు రానిచ్చి ఇక్కడే తయారు చేయించుకోవడం మేలేమో అంది. నాకు ఇందులో భయం ఉంది, అయినా ఆ ప్రశ్న అడగడం సరైనదే అనుకుంటాను.

రష్యా దగ్గరికి వస్తే, మా నాన్న పొగాకు మళ్లీ గుర్తొస్తుంది. ఆయుధాల లెక్కలు కట్టే స్టాక్‌హోం సంస్థ సిప్రి ప్రకారం 2009-13 మధ్య మనం దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో నాలుగింట మూడొంతులు రష్యావి. 2019-23కి వచ్చేసరికి 36 శాతం. 1960ల తర్వాత సగం కంటే తగ్గడం ఇదే మొదటిసారి. ఫ్రాన్స్ నుంచి, అమెరికా నుంచి, ఇజ్రాయెల్ నుంచి తెచ్చుకుంటున్నాం, కొంత సొంతంగా చేసుకుంటున్నాం. ఇది మంచి మార్పు, చాలా ఆలస్యంగా వచ్చిన మార్పు. 2018లో రష్యాతో కుదిరిన ఎస్-400 గగనతల రక్షణ క్షిపణుల ఒప్పందంలో ఐదు యూనిట్లకి మూడే వచ్చాయి, ఉక్రెయిన్ యుద్ధం వల్ల మిగతావి ఆగాయి. మరోవైపు, యుద్ధానికి ముందు మన ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు, ఇప్పుడు మూడో వంతు దాటింది. ఒక చోట బరువు తగ్గించుకుని ఇంకో చోట పెంచుకున్నాం. చౌకగా వచ్చింది, మనలాంటి దేశం కొనక తప్పదు. ప్రధాని జులైలో మాస్కో వెళ్లారు, మొన్న శుక్రవారం కీవ్ వెళ్లారు. రెండు చోట్లా కూర్చోగలిగే దేశాలు లోకంలో ఎక్కువ లేవు. మాస్కోలో ప్రధాని అడిగిన వాటిలో ఒకటి నాకు అన్నిటికంటే ముఖ్యం: ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్లి రష్యా సైన్యంలో చేర్చిన మన కుర్రాళ్లని వెనక్కి పంపమని. హైదరాబాద్ అబ్బాయి ఒకడు అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. వెనకాల కూర్చున్న పిల్లలూ, యూట్యూబ్‌లో కనబడే విదేశీ ఉద్యోగం వీడియో చూసి పాస్‌పోర్ట్ ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఇప్పుడు రొయ్య. ఈ హాల్లో సగం మంది దాని కోసమే వచ్చారని నాకు తెలుసు.

అర్ధరాత్రి మన చెరువు గట్ల మీద కూర్చుంటే వినపడేది నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడే. కరెంటు పోతే రైతు చెప్పులు కూడా వేసుకోకుండా జనరేటర్ దగ్గరికి పరిగెడతాడు, గంట ఆలస్యమైతే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. ఆ రొయ్య పేరు వెనామీ. మన సముద్రంలో పుట్టింది కాదు, పసిఫిక్ మహాసముద్రం అవతలి ఒడ్డుది. 1990ల్లో తెల్లమచ్చ జబ్బు వచ్చి టైగర్ రొయ్య దెబ్బతిని, నెల్లూరు తీరంలో ఎంతమంది మునిగిపోయారో మీకు తెలుసు. 2009లో వెనామీకి అనుమతి వచ్చింది. దాని తల్లి రొయ్యలు హవాయి నుంచి, ఫ్లోరిడా నుంచి విమానంలో చెన్నై వస్తాయి, అక్కడ క్వారంటైన్‌లో ఉంటాయి, ఆ తర్వాతే మన హేచరీలకి వస్తాయి. అంటే మన తల్లి రొయ్య అమెరికాది. పట్టుబడి అయ్యాక పెద్ద గిరాకీ కూడా అమెరికాదే. 2023-24లో మనం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్య 7.16 లక్షల టన్నులు, అందులో దాదాపు 3 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లింది. విత్తనం వాళ్లదే, బజారు వాళ్లదే.

అమెరికా మన మిత్రదేశమే. అయినా 2005 నుంచి మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చౌకగా తెచ్చి అమ్ముతున్నారని వేసే సుంకం, ఉంది. 2019 నుంచి సముద్రంలో పట్టిన మన రొయ్యని రానివ్వడం లేదు, వలలో తాబేలు తప్పించుకునే పరికరం లేదని. నిరుడు అక్టోబరులో వాళ్ల రొయ్యల వాళ్లు ఫిర్యాదు చేస్తే, ఇప్పుడు ఇంకో సుంకం విచారణ నడుస్తోంది. పైగా ఈక్వెడార్ పోటీ. దీనికి తోడు నిరుడు నవంబరు నుంచి యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు చేస్తుంటే, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయి. పది పన్నెండు రోజులు ఎక్కువ. యెమెన్‌లో ఎవడో డ్రోన్ వదిలితే ఉలవపాడులో నలభై కౌంట్, అంటే కిలోకి నలభై తూగే రొయ్య, రేటు కదులుతుంది. డిసెంబరులో ఒక రసాయనాల ఓడ మీద డ్రోన్ పడింది, ఎక్కడనుకున్నారు? గుజరాత్ తీరానికి 200 నాటికల్ మైళ్ల దూరంలో. మార్చిలో సోమాలియా దొంగలు పట్టుకున్న రుయెన్ ఓడని మన నేవీ 40 గంటలు శ్రమించి విడిపించింది. 17 మంది నావికులు బతికారు, 35 మంది దొంగలు లొంగిపోయారు. ఆ కమాండోలు కాపాడిన దారిలోనే మన రొయ్య కూడా పోతుంది.

అందుకే గత నెల బడ్జెట్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక వాక్యం నేను రెండుసార్లు చదివాను. తల్లి రొయ్యల ప్రజనన కేంద్రాలు దేశంలోనే పెట్టడానికి ఆర్థిక సాయం చేస్తామన్నారు. తల్లి రొయ్యల మీద, మేత మీద దిగుమతి సుంకం 5 శాతానికి తగ్గించారు. నా దృష్టిలో అది కూడా జాతీయ భద్రతే. మన గట్టు మీద పెరిగిన తల్లి రొయ్య రావాలి. యూరప్, బ్రిటన్‌లతో ఒప్పందాలు త్వరగా తేలాలి. యాంటీబయాటిక్ అవశేషాలతో యూరప్‌లో కంటైనర్ వెనక్కొస్తే అది మన చేతి తప్పే, దాన్ని ఏ దౌత్యవేత్తా సర్దలేడు.

అదే బడ్జెట్‌లో రక్షణకి 6.21 లక్షల కోట్లు, విదేశాంగ శాఖకి 22 వేల కోట్ల పైచిలుకు. రక్షణకి ఇంకా కావాలి, నేను కాదనను. కానీ 140 కోట్ల మంది దేశానికి విదేశాంగ సర్వీసు అధికారులు సుమారు వెయ్యి మంది! ఢాకా కాలేజీల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి, ఈక్వెడార్ ఏం చేస్తోందో చూడటానికి, జాఫ్నా జాలర్లతో మాట్లాడటానికి మనుషులు కావాలి. బెంగాలీ, సింహళం, చైనీస్ వచ్చిన మనుషులు కావాలి. మన మార్కాపురం, గిద్దలూరు పిల్లలు సైన్యంలోకి పోవడం ఎరుగుదురు. విదేశాంగ సర్వీసుకి కూడా పోవచ్చని వాళ్లకి ఎవరూ చెప్పరు. నేనూ ముప్పై ఏళ్లలో గట్టిగా చెప్పలేదు. అది నా బాధ.

ప్రశ్నలుంటే అడగండి.

(ఉలవపాడు వైపు నుంచి వచ్చిన ఒక ఆక్వా రైతు: "రష్యాకి రొయ్య అమ్మితే సరిపోదా సార్? మనం వాళ్ల నూనె కొంటున్నాం గదా!")

మంచి ప్రశ్న అయ్యా. అమ్మొచ్చు, అమ్మాలి కూడా. నిరుడు మనం రష్యా నుంచి కొన్నది 6,100 కోట్ల డాలర్లకి పైగా, అమ్మింది 430 కోట్ల లోపు. ఇంత తేడా ఉంటే వాళ్ల దగ్గర మన రూపాయలు పేరుకుపోతాయి. వాటితో ఏం కొనాలో తెలియడం లేదని వాళ్ల విదేశాంగ మంత్రి నిరుడే అన్నాడు. ఆ రూపాయలతో రొయ్య కొనిపించడం మన ప్రభుత్వం పూనుకుంటే జరిగే పనే. కాకపోతే నువ్వు ఒక పని చెయ్యి. ఆర్డర్ రాగానే ఉన్న చెరువులన్నీ దానికే వదలొద్దు. రెండు చెరువులు వదులు. డబ్బు ఏ బ్యాంకు ద్వారా, ఎన్నాళ్లకి చేతికొస్తుందో ముందే ఎగుమతిదారుణ్ణి అడిగి కాగితం మీద రాయించుకో. మా నాన్నకి ఆ మాట చెప్పినవాళ్లు లేరు.